కౌజు పిట్టల మేతలో మునగాకు, పసుపు, తెల్లగడ్డ: ఎంత కలపాలి? బరువు నిజంగా వస్తుందా?

పాకాల_కౌజు

అందరికీ నమస్కారం. పాకాల దగ్గర మా చేనులోనే చిన్న షెడ్డు వేసి 500 కౌజు పిట్టలు పెంచుతున్నాను. మాంసానికే, గుడ్లకు కాదు. చిత్తూరు, తిరుపతి వైపు హోటళ్లకు వేస్తాం. సమస్య ఏమంటే 5 వారాలు నిండినా పిట్ట 150 గ్రాముల దగ్గరే ఆగిపోతోంది. కొనేవాళ్లు 180 దాటితేనే సరైన రేటు ఇస్తామంటున్నారు.

మేత సంగతి: బ్రాయిలర్ స్టార్టర్ (బ్రాయిలర్ కోడిపిల్లలకు పెట్టే మేత) బస్తాలు తెచ్చి, ఖర్చు తగ్గడానికి తౌడు, మొక్కజొన్న నూక కలుపుతున్నాం. చావులు మరీ ఎక్కువ లేవు, కానీ పిట్టలు ఒక సైజులో రావడం లేదు. యాంటీబయాటిక్‌లు వాడటం నాకు ఇష్టం లేదు, మా ఇంట్లో పిల్లలు తినేదీ ఈ పిట్టలే. వాట్సాప్ గ్రూపులో ఒకరు మునగాకు పొడి అంటారు, ఒకరు తెల్లగడ్డ నీళ్లు, ఇంకొకరు పసుపు, అజొల్లా (నీళ్ల మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క), నల్ల జీలకర్ర. అన్నీ కలిపి వేయమని చెప్పేవాళ్లూ ఉన్నారు. వాడినవాళ్లు కొలతలతో చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

పుత్తూరు_అక్క

తమ్ముడూ, నేను గుడ్ల కోసం పెంచుతాను. మేత కిలోకు పసుపు 5 గ్రాములు, తెల్లగడ్డ పొడి 5 గ్రాములు. మునగాకు నీడలో ఆరబెట్టి పొడి చేసి 100 కిలోల మేతకు 3 కిలోలు కలుపుతాను. మునగాకు వేసినప్పటి నుంచి గుడ్డు లోపల సొన చక్కటి పసుపు రంగులో వస్తోంది. పాత సొన పాలిపోయినట్టు ఉండేది. గుడ్లు కొనేవాళ్లు రంగు చూసే మళ్లీ అడుగుతున్నారు. పిట్టల్లో చావులు కూడా తగ్గాయి. నువ్వు ధైర్యంగా మొదలుపెట్టు.

కుప్పం_బాబు

నాకూ ఇదే సందేహం. ఫాలో అవుతున్నా.

చిత్తూరు_మేతమిల్లు

పాకాల తమ్ముడూ, పసుపు, మునగాకు తర్వాత చూద్దాం. నీ సమస్య తౌడులోనే ఉండాది.

లెక్క చూడు. బ్రాయిలర్ స్టార్టర్‌లో ప్రోటీన్ 22 శాతం అనుకుందాం. తౌడులో 12, 13 శాతం ఉంటుంది, మొక్కజొన్నలో 8, 9. 70 కిలోల స్టార్టర్‌కు 15 కిలోల తౌడు, 15 కిలోల నూక కలిపితే మొత్తం ప్రోటీన్ 18.6 దగ్గరికి దిగుతుంది. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1994లో ఇచ్చిన పట్టికలో పెరిగే కౌజుకు 24 శాతం ప్రోటీన్ కావాలని ఉంది. మొదటి 3 వారాలు 25 నుంచి 27 వరకు పెట్టమని మన దగ్గరి వాళ్లు చెబుతారు. గుడ్డు నుంచి వచ్చినప్పుడు కౌజు పిల్ల 8 గ్రాములు కూడా సరిగ్గా ఉండదు, 5 వారాల్లో 180 గ్రాములు కావాలి. బ్రాయిలర్ కోడి కన్నా దానికి చిక్కటి మేత కావాలి. మనం పలచన చేసి పెడుతున్నాం.

తక్కువ శ్రమతో అయ్యే దారి ఒకటి చెబుతా. స్టార్టర్ బదులు ప్రీ స్టార్టర్ (స్టార్టర్ కన్నా ముందు, మొదటి రోజుల్లో పెట్టే మేత) తీసుకో, అందులో 23 ఉంటుంది. 90 కిలోల ప్రీ స్టార్టర్‌కు 46 శాతం సోయా చెక్క 10 కిలోలు కలుపు. లెక్కకు 25.3 వస్తుంది. బస్తా మీద రాసిన శాతాలు నీ కళ్లతో చూసుకుని ఈ లెక్క మళ్లీ వేసుకో, కంపెనీకో రకంగా ఉంటాయి. సోయా చెక్క అంటే మిల్లులో నూనె తీసి వేడి చేసినదే. పచ్చి సోయా గింజ ఆడించి పెట్టొద్దు, అందులో ఉండే ట్రిప్సిన్ నిరోధకం ప్రోటీన్‌ను అరగనివ్వదు.

ఇంకొకటి. ప్రీ స్టార్టర్ క్రంబుల్ (మేత పలుకు) కూడా ఒక రోజు పిల్లకు పెద్దదే. మొదటి రెండు వారాలు మిక్సీలోనో పిండి మిల్లులోనో నలిపి పెట్టాలి. లేకపోతే పెద్ద పిట్టలు మింగేస్తాయి, చిన్నవి వెనకబడతాయి. ఒక సైజులో రావడం లేదన్నావు చూడు, ఒక కారణం ఇది కావచ్చు.

పాకాల_కౌజు

అన్నా, చాలా థ్యాంక్స్. తౌడు కలపకపోతే మేత ఖర్చు పెరగదా?

చిత్తూరు_మేతమిల్లు

కిలో మేత ఖర్చు పెరుగుతుంది. నువ్వు చూడాల్సింది కిలో పిట్ట ఖర్చు. 150 గ్రాముల పిట్టను ఇంకో పది రోజులు మేపితే ఆ మేత ఎవరి లెక్కలో రాస్తావు?

దాంతోపాటు మేత పారబోయడం చూసుకో. కౌజు ముక్కుతో మేతను చిమ్ముతుంది. తొట్టి నిండా పోస్తే సగం లిట్టర్‌లోకి (షెడ్డు నేల మీద పరిచే ఊకలోకి) పోతుంది. మూడో వంతుకు మించి నింపొద్దు, పైన జాలీ మూత వెయ్యి.

తిరుపతి_పశువైద్యం

మేతమిల్లు అన్న చెప్పిన దానితో పూర్తిగా ఏకీభవిస్తాను. నేను తిరుపతి పశువైద్య కళాశాలలో చదువుకున్నాను, ఇప్పుడు ప్రాక్టీసులో ఉన్నాను. సహజ దినుసుల గురించి నేను చూసింది, చదివింది రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది.

వీటిని రెండు రకాలుగా విడదీయాలి. అజొల్లా, మునగాకు, పట్టుపురుగు ప్యూపా మేతలో భాగం, అంటే ఎంతో కొంత పోషకం ఇస్తాయి. పసుపు, తెల్లగడ్డ, వాము, నల్ల జీలకర్ర కొద్దిగా వేసే దినుసులు. ఇవి పేగు ఆరోగ్యానికి, ఆకలికి సాయం చేయవచ్చు, కానీ ప్రోటీన్ లోటు పూడ్చలేవు. 18 శాతం మేతలో ఎంత తెల్లగడ్డ వేసినా అది 18 శాతం మేతే.

అజొల్లా గురించి చాలామందికి ఆశ ఎక్కువ. ఎండబెట్టిన అజొల్లాలో ప్రోటీన్ 20, 25 శాతం దాకా ఉంటుందనేది నిజమే. కానీ తడి అజొల్లాలో 93 నుంచి 95 శాతం నీళ్లే. 10 గ్రాముల తడి అజొల్లాలో ఎండు పదార్థం 0.6 గ్రాములు, అందులో ప్రోటీన్ 0.15 గ్రాములు కూడా ఉండదు. అదే 10 గ్రాముల మంచి మేతలో 2.4 గ్రాములు. పిట్ట రోజుకు తినేదే 20, 25 గ్రాములు. పొట్ట నీళ్లతో నిండితే అసలు మేత తినదు. కాబట్టి పిల్లలకు తడి అజొల్లా వద్దు. ఎండబెట్టి పొడి చేసి 5 శాతం లోపు కలిపితే ఇబ్బంది లేదు.

మునగాకులో ఎండిన తర్వాత ప్రోటీన్ 25 శాతం పైనే ఉంటుంది, కెరోటిన్ మెండుగా ఉంటుంది. పుత్తూరు అక్క చూసిన సొన రంగు ఆ కెరోటినాయిడ్ల వల్లే. బంతిపూల రేకుల పొడి కూడా అదే పని చేస్తుంది. కానీ ఆకులో పీచు ఉంటుంది, పిట్ట పీచును సరిగ్గా అరిగించుకోలేదు. మాంసం పిట్టకు 2, 3 శాతం చాలు, 5 దాటించొద్దు.

తెల్లగడ్డలో పనిచేసేది అల్లిసిన్. అది రెబ్బలో తయారుగా ఉండదు. నలిపినప్పుడు ఒక ఎంజైమ్ వల్ల పుడుతుంది, కాసేపటికి విరిగిపోతుంది. ఉడకబెట్టిన తెల్లగడ్డలో పెద్దగా ఏం మిగలదు, నెలల తరబడి డబ్బాలో ఉన్న పొడిలో ఎంత మిగిలిందో చెప్పలేం. వాడితే అప్పటికప్పుడు నలిపి, కాసేపు గాలికి వదిలి, మేతలో కలిపి అదే పూట పెట్టాలి.

పసుపు మన జిల్లా రైతులకు ప్రత్యేకంగా ఉపయోగపడే చోటు ఒకటి ఉంది. ఇక్కడ వేరుశనగ ఎక్కువ కాబట్టి వేరుశనగ చెక్క చవకగా దొరుకుతుంది. తేమ పట్టిన చెక్కలో, మొక్కజొన్నలో ఆస్పర్‌జిల్లస్ బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఎదుగుదల ఆగిపోతుంది. బయటికి ఏ రోగం కనిపించదు. బ్రాయిలర్లలో జరిగిన పరిశోధనల్లో పసుపు ఈ దెబ్బను కొంత తగ్గించింది. కొంతే. బూజు చెక్కను పసుపుతో మంచి చెక్కగా మార్చలేం. ముందు బూజు పట్టిన సరుకు కొనడం మానాలి, మొక్కజొన్న తేమ 12 శాతం లోపు ఉండాలి, ఆ తర్వాతే పసుపు. పసుపు కిలోకు 5 గ్రాములు చాలు. కల్తీ పసుపులో సీసం కలిసిన రంగు ఉండే ప్రమాదం ఉంది కాబట్టి పాలిష్ పట్టని కొమ్ములు తెచ్చి ఆడించుకోండి.

ఇవన్నీ ఒకేసారి వేయడం మాత్రం వద్దు. బరువు పెరిగినా దేనివల్లో తెలియదు, తగ్గినా తెలియదు.

పుత్తూరు_అక్క

సార్, మీరు చెప్పింది అర్థమైంది. కానీ మా షెడ్డులో చావులు తగ్గిన మాట నిజం. తెల్లగడ్డ వల్లే అని నా నమ్మకం.

తిరుపతి_పశువైద్యం

అక్కా, చావులు తగ్గలేదని నేను అనడం లేదు. అదే సమయంలో ఇంకేమైనా మార్చారా? నీళ్ల తొట్లు, లిట్టర్, పిల్లలు తెచ్చే చోటు?

పుత్తూరు_అక్క

నీళ్ల తొట్లకు బదులు నిపుల్స్ (పిట్ట ముక్కుతో పొడిస్తే నీళ్లు వచ్చే గొట్టాలు) పెట్టించాం. నెట్ కేజీల్లోకి, అంటే జాలీ గూళ్లలోకి మార్చాం కూడా. అవును, అదే ఎండాకాలంలో.

తిరుపతి_పశువైద్యం

కేజీలోకి మారితే పిట్ట తన రెట్ట మీద నడవదు. కౌజుల్లో అల్సరేటివ్ ఎంటరైటిస్ అని ఒక జబ్బు ఉంది, క్లాస్ట్రిడియం కోలినం అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. కౌజుల్లో ఎంత ఎక్కువంటే దానికి క్వెయిల్ డిసీజ్ అనే పేరే ఉంది. అది రెట్ట ద్వారానే పాకుతుంది. పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే కాక్సిడియోసిస్ కూడా అంతే. మీరు చేసిన మార్పుల్లో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది నెట్ కేజీ. తెల్లగడ్డ మానేయమని చెప్పను, హాని లేదు. కానీ కొత్తవాళ్లు మీ పోస్టు చదివి లిట్టర్ మార్చకుండా తెల్లగడ్డ మీద భరోసా పెట్టుకుంటారేమోనని నా భయం.

పిట్టలు ముడుచుకుని కూర్చోవడం, తెల్లగా నీళ్లగా రెట్ట వేయడం, రెట్టలో రక్తం, బాగున్న పిట్టలు ఉన్నట్టుండి చావడం: వీటిలో ఏది కనిపించినా వంటింటి దినుసులతో రోజులు గడపకండి. చనిపోయిన పిట్టను ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు పోస్ట్‌మార్టం చేయించండి. అవసరమైతే మందు వాడాల్సిందే. రోగానికి డాక్టర్ రాసిన మందు వేరు, బరువు కోసం రోజూ మేతలో యాంటీబయాటిక్ వేయడం వేరు. రెండోదాన్ని ఐరోపా సమాఖ్య దేశాలు 2006 జనవరి నుంచి పూర్తిగా నిషేధించాయి. మన దేశంలోనూ 2019 జూలైలో కొలిస్టిన్‌ను పశువులు, కోళ్ల వాడకానికి నిషేధించారు. మనుషులకు చివరి ఆశగా ఉంచుకునే మందు అది. పాకాల రైతుకు ఉన్న పట్టుదల నాకు చాలా నచ్చింది.

పుత్తూరు_అక్క

సరే సార్. కేజీ సంగతి నేను ముందే రాయాల్సింది. తమ్ముడూ, కేజీ కూడా చూడు.

పలమనేరు_పట్టుగూడు

మా వైపు పట్టు ఎక్కువ కాబట్టి ప్యూపా గురించి నేను చెబుతా. రీలింగ్ యూనిట్లలో దారం తీశాక మిగిలే పురుగును చాలామంది ఎరువుకు వేస్తారు. ఎండబెడితే అందులో సగం దాకా ప్రోటీనే, మెథియోనిన్ (ప్రోటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) కూడా బాగుంటుంది. సోయాలోనూ వేరుశనగ చెక్కలోనూ తక్కువ ఉండేది సరిగ్గా ఆ మెథియోనినే.

జాగ్రత్తలు మాత్రం తప్పవు. తడి ప్యూపా ఆ పూటే కంపు కొట్టడం మొదలవుతుంది. తెచ్చిన రోజే కడిగి ఎర్రటి ఎండలో పలచగా ఆరబోయాలి. కొవ్వు ఎక్కువ కాబట్టి నిలవ ఉంచితే చేదెక్కుతుంది. నూనె తీసిన పొడి దొరికితే అదే మేలు. నేను 100 కిలోల మేతలో 5 కిలోలకు మించను. అమ్మే ముందు వారం రోజులు ఆపేస్తాను, మాంసంలో వాసన రాకూడదని.

ఎండు చేప పొడి వాడే వాళ్లకు ఒక మాట: ఉప్పు పట్టించిన ఎండు చేప ఆడించి పెట్టకండి. పిల్లలు ఉప్పుకే చచ్చిపోతాయి. ఉప్పు వేయని చేపే తీసుకోండి.

కుప్పం_బాబు

అన్నా, మా గట్ల మీద సుబాబుల్ చాలా ఉంది. మునగాకు బదులు అది ఎండబెట్టి వేయొచ్చా?

పలమనేరు_పట్టుగూడు

పశువులకు కొంచెం పర్లేదు గానీ పిట్టలకు నేను వేయను. డాక్టర్ సార్ చెప్పాలి.

తిరుపతి_పశువైద్యం

వద్దు. సుబాబుల్‌లో మిమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది, ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పశువు కడుపులోని సూక్ష్మజీవులు దాన్ని కొంత విరగ్గొట్టగలవు, పిట్టకు ఆ సౌకర్యం లేదు. ఆముదం చెక్క దరిదాపులకు కూడా పోకండి. పత్తి గింజల చెక్క కూడా ఇంట్లో కలిపే మేతకు వద్దు.

కాళహస్తి_షెడ్డు

మా దగ్గర మే నెల ఎండ మీకు తెలిసిందే. వేసవి బ్యాచ్‌లకు బరువు తగ్గేది వేడి వల్ల, తిండి తగ్గడం వల్ల. మేం ఎండ వేళ మేత తొట్లు తీసేసి తెల్లవారుజామున, పొద్దు గుంకాక మేత పెడతాం. రేకుల మీద సున్నం కొట్టి కొబ్బరి మట్టలు పరిచాం. నీళ్లలో నిమ్మరసం, చిటికెడు ఉప్పు, కొంచెం బెల్లం. మేతలో ఉసిరికాయ పొడి కిలోకు 5 గ్రాములు. పిట్టలు తేరుకుంటాయి.

తిరుపతి_పశువైద్యం

మంచి పద్ధతి. పిట్టలు విటమిన్ సి స్వయంగా తయారు చేసుకుంటాయి, కానీ ఎండదెబ్బలో ఆ తయారీ చాలదు. అందుకే ఉసిరి, నిమ్మ అక్కరకొస్తాయి. నిమ్మరసం నీళ్లు జింక్ పూత రేకు తొట్లలో పోయకండి, పులుపుకు జింక్ నీళ్లలో కరుగుతుంది. ప్లాస్టిక్ తొట్లే వాడండి, మిగిలిన నీళ్లు రెండు మూడు గంటల్లో మార్చండి.

కుప్పం_బాబు

మజ్జిగ పోయొచ్చా సార్? మా అమ్మ రోజూ పోయమంటుంది.

తిరుపతి_పశువైద్యం

పలచటి మజ్జిగ అప్పుడప్పుడు పర్వాలేదు. పక్షులు పాలలోని లాక్టోజ్‌ను సరిగ్గా అరిగించుకోలేవు, ఎక్కువైతే నీళ్ల రెట్ట, దాంతో లిట్టర్ తడి. క్లోరిన్ వేసిన నీళ్లలో కలిపితే మంచి బ్యాక్టీరియా అక్కడే చనిపోతుంది.

చిత్తూరు_మేతమిల్లు

పాకాల తమ్ముడూ, పిల్లలు ఎక్కడి నుంచి తెస్తున్నావు? పేరు వద్దు, ఎలాంటి చోటో చెప్పు చాలు.

పాకాల_కౌజు

దగ్గర్లో ఒక చిన్న హ్యాచరీ అన్నా. వాళ్ల పిట్టలనే మళ్లీ మళ్లీ గుడ్లకు వాడుకుంటారు. బయటి నుంచి తెచ్చినట్టు లేదు.

చిత్తూరు_మేతమిల్లు

అట్లయితే మేత ఎంత బాగు చేసినా ఒక హద్దు దగ్గర ఆగుతుంది. కౌజుల్లో దగ్గరి రక్తం కలిస్తే దెబ్బ తొందరగా కనిపిస్తుంది. గుడ్లు తక్కువ పొదుగుతాయి, పిల్లలు నీరసంగా పుడతాయి, సైజు తగ్గుతుంది. మనకు తమిళనాడు పక్కనే ఉంది, నందనం, నామక్కల్ క్వెయిల్ రకాలు అక్కడి పశువైద్య విశ్వవిద్యాలయం తయారు చేసినవే. ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్ కేంద్రీయ పక్షి పరిశోధన సంస్థ రకాలూ ఉన్నాయి. మన దేశానికి ఈ జపాన్ కౌజు 1974లో మొదట వచ్చింది అక్కడికే. ఏ రకం తల్లిపిట్టలో, మగవాటిని ఎప్పుడు మార్చారో అడిగి, చెప్పగలిగిన హ్యాచరీ నుంచే పిల్లలు తెచ్చుకో.

పాకాల_కౌజు

అందరూ ఇంత ఓపికగా రాశారు, నిజంగా సంతోషంగా ఉంది. వచ్చే బ్యాచ్ నుంచి తౌడు ఆపేస్తాను, ప్రీ స్టార్టర్‌లో సోయా చెక్క కలుపుతాను. పిల్లలు కూడా వేరే చోటి నుంచి తెస్తాను. మునగాకు పనిచేస్తుందో లేదో నాకై నేను చూడాలని ఉంది. ఎలా చూస్తే సరిగ్గా తెలుస్తుంది?

తిరుపతి_పశువైద్యం

ఒకే రోజు పుట్టిన, ఒకే హ్యాచరీ పిల్లలను కలగలిపి రెండు గదుల్లో సమానంగా పెట్టండి. బ్రూడర్ (పిల్లలకు వెచ్చదనమిచ్చే ఏర్పాటు) వేడి, చోటు, తొట్లు అన్నీ ఒకేలా. మొదటి వారం పిల్లల దగ్గర 35 డిగ్రీలకు తగ్గకుండా చూడండి, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున దించండి. చలికి గుంపుకట్టిన పిల్ల ఏ మేతకూ ఎదగదు. ఒక గదికి మామూలు మేత, రెండో గదికి అదే మేతలో 3 శాతం మునగాకు పొడి. ఇంకేమీ మార్చొద్దు. వారానికోసారి ఒకే వేళకు, మేత పెట్టకముందు తూచండి. పెద్దవి ఏరి తూచొద్దు, గదిలో ఒక మూలను అడ్డుకట్టి అక్కడ పడినవన్నీ తూచండి.

ఒక ముఖ్య విషయం. కౌజులో పెట్ట పుంజు కన్నా బరువు. కోళ్లలోలా కాదు. 3 వారాలు దాటాక రొమ్ము ఈకలు చూస్తే తెలుస్తుంది: పుంజుకు ఇటుక రంగు, పెట్టకు బూడిద మీద నల్ల చుక్కలు. ఒక గదిలో పెట్టలు ఎక్కువ పడితే మునగాకు లేకపోయినా ఆ గదే గెలుస్తుంది. పుంజులను పుంజులతో, పెట్టలను పెట్టలతో పోల్చండి.

పాకాల_కౌజు

ఇది ఎవరూ చెప్పలేదు సార్. తప్పకుండా అలాగే చేస్తా. ఫలితం ఏదైనా అంకెలతో ఇక్కడే పెడతాను.

పుత్తూరు_అక్క

నేనూ తెల్లగడ్డకు ఇలాగే చేసి చూస్తాను. కేజీలు వరుసగా ఉన్నాయి కాబట్టి సగం వరుసలకు వేసి, సగానికి ఆపితే సరిపోతుంది కదా సార్?

తిరుపతి_పశువైద్యం

సరిపోతుంది అక్కా. పై వరుసలన్నీ ఒకటి, కింది వరుసలన్నీ ఒకటి చేయకండి, వెలుతురు తేడా వస్తుంది. గుడ్ల పిట్టకు రోజుకు 16 గంటల వెలుతురు కావాలి కదా. ఒకటి విడిచి ఒకటి తీసుకోండి.

కాళహస్తి_షెడ్డు

ఒక చివరి ప్రశ్న. కార్తీకంలో మనకు తుపాను వానలు పట్టుకుంటే ఎండ ముఖం కనపడదు. మునగాకు పొడి, పసుపు కలిపిన మేత ఎన్ని రోజులు నిలవ ఉంటుంది?

చిత్తూరు_మేతమిల్లు

వానాకాలంలో వారానికి సరిపడా కలుపుకోండి, అంతే. మునగాకు పొడి విడిగా గాలి చొరని డబ్బాలో, వెలుతురు తగలకుండా పెట్టండి. ఎండ తగిలితే కెరోటిన్ పోతుంది, తేమ తగిలితే బూజు. బస్తాలు నేల మీద, గోడకు ఆనించి పెట్టొద్దు, చెక్క బల్లల మీద జానెడు ఎత్తులో ఉంచండి. చెయ్యి పెడితే మేత వెచ్చగా అనిపించినా, ముద్దలు కట్టినా, మట్టి వాసన వచ్చినా ఆ బస్తా పిట్టలకు వద్దు. మీద జల్లెడ పట్టి మిగతాది వాడుదామని కూడా అనుకోవద్దు, బూజు పోయినా విషం మేతలోనే ఉంటుంది.